వాగులో పిల్లలను కాస్తున్న కొర్రమీను: పట్టి వదిలేస్తే సరిపోతుందా?

దుందుభి ఒడ్డు:
మాది కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే రోడ్డుకు లోపలగా ఉండే ఊరు. ఇంటి వెనక చేను దాటితే వాగు వస్తుంది, అది పోయి దుందుభిలో కలుస్తుంది. చిన్నప్పుడు వెదురు కర్రకు దారం కట్టి, జొన్న బెండు తగిలించి, ఎర్రలు గుచ్చి అందులో పరిగెలు పట్టేవాళ్లం. తర్వాత వాగు ఏళ్ల తరబడి ఎండిపోయింది. నేనూ హైదరాబాద్ వెళ్లిపోయాను. ఈ వానాకాలం నాట్లప్పుడు వచ్చి చూస్తే కింద చెక్‌డ్యాం నిండి, మా చేను గట్టు దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

రెండేళ్ల కింద హిమాచల్‌లో తీర్థన్ లోయకు వెళ్లినప్పుడు ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్నాను. అందులో ఎర్ర ఉండదు, సీసం గుండు ఉండదు. ఫ్లై అనే, ఈకలు చుట్టిన చిన్న గాలాన్ని లావు దారం బరువుతోనే విసురుతారు. అక్కడ పట్టేది ట్రౌట్. 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి కాశ్మీర్‌కు తెచ్చిన చేప అది, చల్లటి నీళ్లు లేనిదే బతకదు. మన వాగుల్లో దాని ఊసే ఉండదు. కానీ కర్ర ఇంట్లో ఊరికే పడి ఉంది కదా అని, నాటుకోడి ఈకలతో కప్పలా ఉండే ఫ్లై ఒకటి కట్టుకుని పొద్దున్నే మా వాగుకు పోయాను.

తుంగ పక్కన నీళ్ల మీద తట్టంత వెడల్పున నారింజ రంగు మచ్చ కనిపించింది. కొర్రమీను పిల్లలు. అన్నీ ఒక్కసారే పైకి వచ్చి గాలి పీల్చుకుంటే వాన చినుకులు పడ్డట్టు నీళ్లు చిట్లుతున్నాయి, మళ్లీ అన్నీ లోపలికి పోతున్నాయి. ఫ్లైని ఆ మచ్చ పక్కనే వేశాను. రెండోసారికే దభీమని కొట్టింది. మోచెయ్యంత చేప. గాలం కొన దగ్గర లోపలివైపు ఉండే ముల్లును ముందే ప్లయర్‌తో నొక్కేశాను కాబట్టి తేలిగ్గా ఊడింది. చేతులు తడుపుకుని, నీళ్లలోంచి పైకెత్తకుండానే వదిలేశాను.

గట్టు మీద నుంచి చూసిన మా పెద్దనాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "తినేదుంటే పట్టు, లేకుంటే దాని జోలికి పోకు" అన్నది ఒక్కటే మాట. వదిలేయడమే మంచి పని అని నేను అనుకుంటున్నాను. చేపల సంగతి తెలిసినవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

ఎడమకాల్వ:
మీరు చేసిందే కరెక్ట్ అన్నా. మాది హాలియా దగ్గర. సాగర్ కాల్వ ఉంది కాబట్టి నీళ్లకు కొదవ లేదు, అయినా మా దగ్గర కొర్రమీను కనిపించడం తగ్గింది. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదులుతున్న చేపపిల్లల్లో ఎక్కువగా ఉండేవి బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ. వాగుల్లో, కుంటల్లో కొర్రమీను తనంతట తాను పిల్లలు పెట్టి పెరగాల్సిందే. పిల్లలతో ఉన్నదాన్ని కూరకు తీసుకుపోతే ఆ పిల్లలన్నీ పోయినట్టే. మన రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నాం కదా, ఆ మాత్రం చూసుకోవద్దా?

గాలం తమ్మి:
నేను ఒప్పుకోను. మృగశిర కార్తెకు చేప తినడం మన ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నదే. హైదరాబాద్‌లో ఆ రోజు ఇచ్చే చేప మందు కూడా కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. గాలంతో ఒకడు ఒక చేప తెచ్చుకుంటే వాగు ఖాళీ కాదు. వాగును ఖాళీ చేసేది బ్యాటరీ కరెంటుతో పట్టేవాళ్లు, నీళ్లలో విషపు మందు కలిపేవాళ్లు. నీళ్లలో మందు కలిపి, పేలుడు పెట్టి చేపలు పట్టడం నేరమని 1897 నాటి మత్స్య చట్టంలోనే ఉంది. ఎవరు అడుగుతున్నారు?

ఇంకొకటి, ఇసుక. మా తాత కాలంలో వాగు పారడం ఆగిపోయినా, ఇసుకలో చెలిమె తీస్తే తాగడానికి నీళ్లు ఊరేవట. ఆ నీళ్లే ఎండాకాలం మడుగులను నిలబెట్టేవి. ఇప్పుడు రాత్రిళ్లు ట్రాక్టర్ల చప్పుడుకు నిద్ర ఉండదు. ఇసుక పోయి కింద రాయి తేలిన వాగులో మీరు వదిలిన చేప ఎక్కడ బతకాలి? ముందు దాని గురించి మాట్లాడండి.

మత్తడి కాడ:
మాది చేపలు పట్టి బతికే ఇల్లు, మా నాయన మా ఊరి సొసైటీలో సభ్యుడు. తమ్మి చెప్పిన కరెంటు సంగతి, ఇసుక సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆ అన్న అడిగింది వేరు, దానికి జవాబు చెబుతాను.

అన్నా, పిల్లలను కాసేటప్పుడు కొర్రమీను ఆకలికి ఎరను పట్టదు. తల్లి అయినా, తండ్రి అయినా, పిల్లల దగ్గరికి కప్ప వచ్చిందంటే దాన్ని తరమడానికి కొడుతుంది. మీ ఫ్లైని అది తినాలని రాలేదు. అందుకే రెండోసారికే పడింది. అది మీ చేతి నేర్పు అనుకోకండి.

మీరు నీళ్లలోనే పట్టి వదిలారు, చేతులు తడుపుకున్నారు, అన్నీ మంచిగా చేశారు. కొర్రమీను గాలి పీల్చే చేప, కాసేపు పట్టుకున్నంత మాత్రాన చావదు. నేను అడిగేది పిల్లల గురించి. అది మీ గాలానికి ఉన్నంతసేపు పిల్లల దగ్గర ఎవరున్నారు? చుట్టూ జిలేబీ చేపలు (తిలాపియా) ఉంటాయి, జెల్లలు ఉంటాయి, పైన పిట్టలు ఉంటాయి. అవన్నీ కాచుకునే ఉంటాయి.

నా పదేళ్ల వయసులో ఒకసారి నాయన విసురు వల భుజం మీద వేసుకుని నీళ్లలో దిగాడు. ఎర్రగా పిల్లల గుంపు కనపడింది. కింద పెద్ద చేప ఉందని నాకే తెలుస్తుంటే ఆయనకు తెలియదా? వల మడిచి, ఆ మడుగు వదిలిపెట్టి అవతలి ఒడ్డుకు నడిచాడు. ఆ పూట ఇంట్లో చేపలు లేవు, పైసలు కూడా లేవు. మాకు వదిలిపెట్టడం అంటే అదీ. పట్టాక వదిలేది కాదు, వల వేయకముందే వదిలేది. మీ పెద్దనాన్న మాట కూడా అదే అయ్యుంటుంది.

ఎడమకాల్వ:
ఇది నాకు తట్టలేదు. అయితే ఒకటి చెప్పాలి. అన్నింటినీ వదిలేయడం కూడా తప్పే. జిలేబీ పడితే ఇంటికి తీసుకుపోండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే అసలే వదలొద్దు. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది, ఆ చేప చిన్న చేపలను మిగలనివ్వదు.

దుందుభి ఒడ్డు:
మత్తడి కాడ గారూ, మీ మాట చదివాక నిన్న ఆదివారం మళ్లీ వాగుకు పోయాను. కర్ర తీసుకుపోలేదు.

ఆ రోజు జరిగినదంతా గుర్తు చేసుకుంటూ అదే తుంగ దగ్గర కూర్చున్నాను. చేప నా చేతిలో ఉన్నప్పుడు నా చూపంతా దాని మీదే ఉంది. కానీ పక్కన లకుముకి పిట్ట రెండుసార్లు నీళ్లలోకి దూకడం, తట్టంత ఉన్న మచ్చ విడిపోయి నాలుగు దిక్కులా పాకడం నా కంటికి ఆనుతూనే ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. వదిలిన చేప ఎంత హుషారుగా పోయిందో అదే చూసుకుని సంతోషపడ్డాను.

నిన్న కూడా గుంపు ఉంది. ముందటి కంటే చిన్నదిగా కనిపించింది. నా వల్లనేనా అంటే చెప్పలేను, పిల్లలు రోజూ కొన్ని పోతూనే ఉంటాయి. కానీ మనసుకు కష్టంగా ఉంది. పెద్ద చేప ఒకసారి పైకి తేలి గాలి తీసుకుని నేరుగా గుంపు కిందికి వెళ్లింది. అదే చేప అయితే మంచిదే.

హిమాచల్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ పట్టనివ్వరు. అవి గుడ్లు పెట్టే కాలం అది. లైసెన్సు తీసుకున్న రోజు ఆ రూల్ చదివి, ఎంత బాగుందో అనుకున్నాను. అలాంటి నేను మా ఇంటి వెనక చేపకు కూడా అలాంటి రోజులు ఉంటాయని ఆలోచించలేదు. దాని కాలం వానలు. పెద్దనాన్నకు అది తెలుసు, ఎక్కడా రాసిపెట్టి లేదంతే. రాత్రి ఆయనతో ఈ మాటే చెప్పాను. "ఇప్పుడు తెలిసింది కదా" అని నాకు అన్నం పెట్టమని పెద్దమ్మకు చెప్పారు.

కాబట్టి పిల్లల గుంపు మీద ఇక ఫ్లై వేయను. వదిలేద్దామనే ఉద్దేశంతో కూడా వేయను. మా ఊరి కుర్రాళ్లకు కూడా చెబుతాను. అయితే తినేవాళ్లే గాలం వేయాలి అన్నది మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ కర్ర చేతిలో లేకపోతే నేను ఈ వాగుకు మళ్లీ వచ్చేవాణ్ణి కాదు, ఇసుక తవ్విన గుంతలు కూడా నా కంట పడేవి కాదు. పిల్లలు పెద్దవై పోయాక పరిగెలకు చిన్న ఫ్లైలు వేస్తాను. దానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

గాలం తమ్మి:
అన్నా, గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోలు తీసి పెట్టండి. మా ఊరివి కూడా నేను తీస్తాను. తహసీల్దార్ దగ్గరికి నాలుగు ఊళ్లవాళ్లం కలిసి పోతే కాగితం తీసుకోక తప్పదు.

మత్తడి కాడ:
గుంపు ఎర్రగా ఉన్నన్ని రోజులు ఆగండి. పిల్లలు వేలంత పెరిగి నల్లబడ్డాక ఎవరి దారిన అవి పోతాయి, అప్పుడు పెద్దది కూడా అక్కడ ఉండదు. దసరా దాటాక రండి, పరిగెలు ఏ మలుపులో ఉంటాయో నాయనను అడిగి చెబుతాను. ఆటకు పట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు, అది మాత్రం దాచను.