పక్కింటివాళ్ళకి సాయం చేయాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా పక్కింటి పెద్దాయన పక్షవాతం వచ్చి నాలుగు నెలలుగా మంచంలోనే ఉన్నారు. అన్నీ ఆయన భార్యే చూసుకోవాలి. వాళ్ళు క్రైస్తవులు కారు. కనిపించినప్పుడల్లా "ఏదైనా అవసరమైతే చెప్పండి ఆంటీ" అంటాను. "అలాగేనమ్మా" అంటారు, ఒక్కసారీ పిలవలేదు. రోజూ వాళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నాను. కానీ మొన్న బైబిల్లో యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో 15, 16 వచనాల దగ్గర ఆగిపోయాను. ఒంటి మీద బట్టలేనివాళ్ళని, ఏమీ ఇవ్వకుండా "చలి కాచుకోండి" అని పంపేసేది నేనే కదా అనిపించింది. వెళ్తే మతం మార్చడానికి వచ్చాననుకుంటారేమోనని టెన్షన్. ఉద్యోగం వల్ల టైమూ తక్కువ. ఏం చేయమంటారు?

జవాబు 1:
ప్రార్థన మానకండి సిస్టర్. కానీ ఈరోజే వెళ్ళి తలుపు కొట్టండి.

జవాబు 2:
చెల్లీ, నేను మీ ఆంటీ స్థానంలో ఉన్నదాన్ని. మా అత్తగారు పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. అలాంటప్పుడు "ఏం కావాలో చెప్పు" అని ఎవరైనా అంటే, ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా ఉండదు. పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రుళ్ళు కూడా. నాకు కావలసింది నిద్ర. అది ఎవరినైనా ఎలా అడుగుతాం?

నాతో పనిచేసే ఒక క్రైస్తవురాలు మాత్రం అడగలేదు. "గురువారం సాయంత్రం రెండు గంటలు నేను కూర్చుంటా, నువ్వు పడుకో" అంది. మొదటి వారం నమ్మకం లేక తలుపు దగ్గరే కూర్చున్నాను. రెండో వారం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

అత్తగారి ఎడమ చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి, గోళ్ళు అరచేతిలోకి దిగి వాసన వచ్చేది. నిజం చెప్తున్నా, నేనే చూసీ చూడనట్టు వదిలేశాను. నాతో పనిచేసే ఆమె మొదట మణికట్టుని మెల్లగా లోపలికి వంచింది. దాంతో వేళ్ళు కాస్త వదులయ్యాయి. ఒక్కో వేలూ తెరిచి, గోళ్ళు తీసి, తడిగుడ్డతో అరచెయ్యి తుడిచి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డ చుట్టి పెట్టింది. అంతసేపూ అత్తగారితో మామూలుగా కబుర్లు చెప్తూనే ఉంది. ఆవిడకి మాట రాదు, కానీ ఆరోజు ఆమె వైపే చూస్తూ ఉన్నారు.

సంఘానికి రమ్మని మమ్మల్ని ఎప్పుడూ అనలేదు. అత్తగారు పోయినరోజు నేనే ప్రార్థన చెయ్యమన్నాను. మేం ఇప్పటికీ మీ సంఘం వాళ్ళం కాదు, ఆమె ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆంటీని అడగకుండా ఆయనకి నీళ్ళు కూడా పట్టకండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం కష్టం, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జవాబు 3:
పై అక్క చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. లూకా సువార్త 10లో యేసు చెప్పిన కథలో, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషి గాయాలకి ఒక సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి, కట్లు కట్టి, తన వాహనం మీద సత్రానికి తీసుకెళ్ళి, రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు సత్రం యజమానికి రెండు దేనారాలు (అప్పటి వెండి నాణేలు) ఇచ్చి, "ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తా" అన్నాడు. తిరిగొస్తానన్న ఆ మాటే నాకు ఇష్టం. యూదులకీ సమరయులకీ పొత్తు లేని రోజులవి. నీది ఏ మతమని అడిగిన మాట ఆ కథలో ఎక్కడా లేదు. కాబట్టి మీరు ఆ భయం పెట్టుకోకండి. అయితే ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. మంచంలో ఉన్న మనిషి పరువు అది. రాలేని వారం ఉంటే ముందే చెప్పండి, వాళ్ళు మీ కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ వెళ్ళాను. "శనివారం నాలుగు నుంచి ఆరు వరకు నేను కూర్చుంటాను ఆంటీ, మీరు పడుకోండి" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఐదింటికి ఆయన్ని పక్కకి తిప్పాలమ్మా, నీకు వచ్చా?" అని అడిగారు. రాదన్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి చూపించారు.