కాల్గరీలో మా మొదటి చలికాలం: పిల్లలకు స్కేటింగ్, అత్తయ్యకు ఏమిటి?

అందరికీ నమస్కారం. ఆగస్టులో గుంటూరు నుంచి కెనడాలోని కాల్గరీకి వచ్చాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మా అత్తయ్య. చలి మొదలయ్యాక పిల్లలు టీవీకే అతుక్కుపోయారు. అక్కడైతే స్కూల్ బ్యాగు పడేసి వీధిలోకి పరుగెత్తేవాళ్లు. అది తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

అందుకే పోయిన ఆదివారం ధైర్యం చేసి బౌనెస్ పార్కులో గడ్డకట్టిన నీళ్ల మీద స్కేటింగ్‌కి వెళ్లాం. పాప పడ్డ ప్రతిసారీ నవ్వుతూ లేచింది. బాబు ఒక్కసారి పడి, ఇక ఆ బూట్లు వేసుకోనంటున్నాడు. వెచ్చగా ఉంటుందని వాడికి రెండు జతల ఉన్ని సాక్సులు వేశాను. పలచటి సాక్సులు ఒక జతే వేస్తే బూటు కాలికి సరిగ్గా పట్టుకుంటుందని అక్కడ ఒకావిడ చెప్పారు. నా తప్పే.

వాడికి హాకీ స్కేట్లు మంచివా, ముందు పళ్లుండే ఫిగర్ స్కేట్లా? 1988 చలికాలపు ఒలింపిక్స్‌కి కట్టిన ఒలింపిక్ ఓవల్ అనే ఇండోర్ స్కేటింగ్ రింకులో మొదలుపెడితే భయం పోతుందా? చినూక్ గాలి వీస్తే గంటల్లోనే వాతావరణం వేడెక్కుతుందట. ఆ రోజుల్లో బయటి మంచు మీదకు వెళ్లొచ్చో లేదో మీరెలా తెలుసుకుంటారు?

అన్నిటికంటే నా దిగులు అత్తయ్య గురించి. మోకాళ్ల నొప్పులు. ఫ్లాస్కులో టీ పట్టుకుని గంటన్నర బెంచీ మీదే కూర్చున్నారు. "మీరు ఆడుకోండమ్మా, నేను చూస్తుంటాను" అన్నారు. వెనక్కి వచ్చి పట్టుకుంటే చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి. ఆవిడని ఇంట్లో ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు. ఆవిడ కూడా మాతో కలిసి చేయగలిగింది ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.