కర్నూల్లో తుంగభద్ర పక్కన పిల్లలతో కూర్చునే పార్కు ఉందా?

గుంతకల్ అల్లుడు:
దసరా సెలవులకు కర్నూలు అత్తగారింటికి వస్తున్నాం. పెద్దోడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. మా అమ్మ కూడా వస్తోంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నది కనపడేలా చెట్టు కింద చాప పరుచుకుని, చీకటి పడేదాకా కూర్చునే చోటు ఏదైనా ఉంటే చెప్పండి. మా బావమరిదిని అడిగితే "కొండారెడ్డి బురుజు చూడు బావా" అంటాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆరుసార్లు చూశా.

పాతబస్తీ అవ్వ:
నాయనా, నదీ తోటా ఒక్కచోటే కావాలంటే మా ఊళ్ళో కష్టం. రెండు పూటలుగా పెట్టుకోండి.

నది కోసం సంకల్‌బాగ్ ఘాట్‌కు పోండి. పేరులో తోట ఉంది గానీ, మనం పోయేది మెట్ల కోసం. ఐదున్నర దాటాక వెళ్ళండి, అంతకుముందైతే మెట్లు కాలుతుంటాయి. అమ్మను పై మెట్టు మీదే కూర్చోబెట్టండి. నీళ్ళ దగ్గర నాచు. పోయినేడు మా మనవడు కింది మెట్టు మీద సర్రున జారాడు. చొక్కా కాలరు నా చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. చెప్పు ఒకటి మాత్రం అలంపూర్ వైపు కొట్టుకుపోయింది. అటు జోగులాంబ తల్లి ఉంది కదా, అక్కడే నిలబడి చెంపలేసుకున్నా.

పైన సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తారని తెలిస్తే ఆ రోజు అటు పోవద్దు. 2009 అక్టోబర్‌లో ఈ నదే మా వంటింట్లోకి వచ్చింది. బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి, మేం మిద్దె ఎక్కాం. ఆ బురద వాసన సంక్రాంతి దాకా పోలేదు. అయినా సాయంత్రమైతే కాళ్ళు అటే పోతాయి, ఏం చేస్తాం.

పిల్లలు పరిగెత్తాలంటే నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం నగరవనం ఉంది. అటవీ శాఖ వాళ్ళది. అక్కడుండేది చెరువు, నది కాదు. చాప అక్కడ పరుచుకోండి.

కేసీ కెనాల్ కుర్రాడు:
అవ్వా, మన ఊళ్ళో ఇంకో నది హంద్రీని మర్చిపోయినావే! దాని ఒడ్డున గోల్ గుమ్మజ్ ఉంది కదా. కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి, 17వ శతాబ్దం నాటిది. మా అల్లుడుగారు బురుజు తప్ప ఏమీ చూసినట్టు లేరు.

పాతబస్తీ అవ్వ:
ఎట్లా మర్చిపోతా? ముక్కు గుర్తుచేస్తూనే ఉంటుంది. గుమ్మటం బాగుంటుంది, ఆ మాట నిజమే. కానీ పక్కన కూర్చుని తినమంటే నా వల్ల కాదు.

గుంతకల్ అల్లుడు:
తిండి ఏం కట్టుకోవాలి అవ్వా?

పాతబస్తీ అవ్వ:
ఉగ్గాని. పప్పులపొడి ఎక్కువ వేయమనండి, సాయంత్రానికి తేమ పీల్చుకుంటుంది. బజ్జీలు కట్టుకోవద్దు, డబ్బాలో మెత్తబడి తోలు ఊడుతుంది. ఖాళీ కవర్లు ఇంటికి తెచ్చుకోండి.

గుంతకల్ అల్లుడు (పది రోజుల తర్వాత):
రెండూ అయ్యాయి. నగరవనంలో పెద్దోడు ఒళ్ళంతా మట్టి చేసుకున్నాడు. ఘాట్‌లో మా అమ్మ రెండు గంటలు కదల్లేదు, మోకాలి ఊసే ఎత్తలేదు. బావమరిది కూడా వచ్చి, ఉగ్గాని సగం వాడే తిన్నాడు. చిన్నది పై మెట్టు మీద నుంచే నీళ్ళంతా వెతికింది. మీ మనవడి చెప్పు ఎక్కడా కనపడలేదని చెప్పమంది.