అమ్మాయి పెళ్లికి తల్లి తల నల్లగానే ఉండాలా?

బరంపురం అమ్మ

నాకు 51 ఏళ్లు. పుట్టి పెరిగింది బరంపురంలోనే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పదిహేడేళ్లపాటు నెలకు రెండుసార్లు తలకు రంగు వేసుకున్నాను. కిందటి ఏడాది ఒకసారి వేసుకున్నాక రెండో రోజు తెల్లవారేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరవలేకపోయాను. చెవుల వెనక నీరు కారింది. ఇక ఆ రంగు జోలికి వెళ్లవద్దని చర్మవైద్యురాలు గట్టిగా చెప్పారు. మానేశాను. ఇప్పుడు పాపిట నుంచి బెత్తెడు పైన తెలుపు, ఆ కింద ఎర్రబారిన పాత నలుపు.

మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. భువనేశ్వర్ సంబంధం, ఒడియా వాళ్లు. పలాసలో ఉండే మా అక్క రోజూ ఫోను చేస్తోంది. "కన్యాదానంలో నువ్వు నీళ్లు పోసేటప్పుడు తల వంచుతావు. ఫొటోలన్నిటిలో నీ పాపిటే పడుతుంది. వియ్యపురాలి పక్కన నిలబడితే ఆమెకు తల్లిలా ఉంటావు. ఒక్కరోజుకు వేసుకుంటే ఏమవుతుంది?" అంటుంది. మా ఆయన తల నాకంటే ముందే ముగ్గుబుట్ట అయింది. ఆయనను మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఒక్కరోజు కోసం సర్దుకోవాలా, ఇలాగే పీటల మీద కూర్చోవాలా? అలర్జీ సంగతి పక్కనపెట్టి కూడా చెప్పండి. అది లేకపోయినా మళ్లీ వేసుకునేదాన్నా అని నాకే అనుమానంగా ఉంది.

ఇచ్ఛాపురం ఆడపడుచు

వదినా, నేను మీ అక్క పక్షం. పెళ్లి అంటేనే అలంకారం. రోజూ పట్టుచీర కట్టం, రోజూ వడ్డాణం పెట్టం. సవరం నిజమా? పెదవుల రంగు నిజమా? వాటికి లేని తప్పు తల రంగుకు ఎక్కడి నుంచి వచ్చింది? "సహజంగా ఉండటం" ఈ మధ్య కొత్త నగలాగా తయారైంది. ధైర్యవంతురాలివి అని మెచ్చుకునేవాళ్లు రేపు ఆల్బమ్‌లో ఉండరు, మీరుంటారు. అలర్జీ అయితే గోరింటాకు ఉంది, నీలి ఆకు పొడి ఉంది.

మందులషాపు తమ్ముడు

నాది పర్లాకిమిడి. వైద్యుడిని కాను, కానీ ఉబ్బిన మొహాలతో నా కౌంటరు దగ్గరకు వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

అక్కా, "ఒక్కరోజుకు" అనే మాట మీ విషయంలో చెల్లదు. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండేది పారాఫినిలీన్ డయమిన్, పొట్టిగా పీపీడీ. ఒంటికి ఒకసారి అది పడకపోయిందంటే మామూలుగా ఇక జన్మలో పడదు. తరువాతిసారి ఇంకా తీవ్రంగా రావచ్చు. పెట్టె మీద "అమోనియా లేదు" అని చూసి ధైర్యం తెచ్చుకోకండి. అమోనియా వేరు, పీపీడీ వేరు. మొదటిది లేని పెట్టెలో రెండోది హాయిగా ఉండవచ్చు.

ఆడపడుచు గారికి ఒక మాట. గోరింటాకులో ఉండే లాసోన్ ఇచ్చేది నారింజ, ఎరుపు ఛాయలే. నలుపు ఇవ్వదు. "నల్ల గోరింట" అని అమ్మే పొట్లం అరగంటలో తల నల్లబరిచిందంటే అందులో ఆకు కానిది ఏదో కలిసింది, చాలాసార్లు ఆ పీపీడీయే. అలర్జీ ఎన్నడూ రానివాళ్లు కూడా ముందు చెవి వెనక చుక్క పెట్టుకుని 48 గంటలు ఆగి చూడాలి. ఈ సలహా వినగానే మా ఊళ్లో అందరూ నవ్వుతారు, పెళ్లి సాయంత్రమే కదా తమ్ముడూ అంటారు.

క్యాన్సర్ సంగతి కూడా ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన నివేదిక ప్రకారం, ఇంట్లో తమకు తాము వేసుకునేవాళ్ల విషయంలో ఔనని కాని కాదని కాని తేల్చడానికి ఆధారాలు చాలవు. సెలూన్లలో ఏళ్ల తరబడి ఆ పని చేసేవాళ్లకు మాత్రం బహుశా ప్రమాదం ఉంది.

రాయగడ అబ్బాయి

తెల్లజుట్టు అందం అని రాసేవాళ్లంతా యాభై దాటినవాళ్లే. నాకు 26. ఇంటర్‌లో ఉండగానే మొదలైంది. మా అమ్మమ్మ బాలనెరుపు అనేది. మన ప్రాంతాల వాళ్లకు పాతికలోపు నెరిస్తే అకాలం కింద లెక్క అని డాక్టరు చెప్పారు. బీ12, థైరాయిడ్ చూశారు. బీ12 తక్కువ ఉంటే మందులు వాడాను. కొత్తగా నెరవడం కొంత తగ్గింది, అప్పటికే తెల్లబడింది మాత్రం తెల్లగానే ఉంది. ఒక వెంట్రుక పీకితే పది పుడతాయని భయపెట్టారు, అది అబద్ధమని తెలిసింది. గుంటగలగర నూనె రెండేళ్లు రాశాను. దిండు గలీబు మాత్రం నల్లబడింది.

ఆడపిల్లవాళ్లు ఇద్దరు ఫొటో చూసి వయసు దాచారనుకున్నారు. మా ఒడియా స్నేహితులు దీన్ని "పాచిలా బాల" అంటారు, పండిన జుట్టు అని. పచ్చిగా ఉండే అవకాశం కూడా లేకుండా పండిపోయాను. నేను రంగు వేసుకుంటాను, వేసుకుంటూనే ఉంటాను. నన్ను ఎవరూ సంస్కరించవద్దు.

మందులషాపు తమ్ముడు

తమ్ముడూ, వేసుకో, కానీ ఆ చెవి వెనక చుక్క మరిచిపోవద్దు. సిగరెట్ ఉంటే మానెయ్యి, దానికీ తొందరగా నెరవడానికీ సంబంధం కనిపిస్తోంది. "దిగులు పెట్టుకున్నావు కాబట్టి నెరిసింది" అనేవాళ్లను వదిలెయ్యి. 2020లో హార్వర్డ్ వాళ్లు ఒత్తిడి పెట్టి చూస్తే ఎలుకల బొచ్చు తెల్లబడింది. ఒత్తిడికి స్పందించే నాడులే కుదుళ్లలోని రంగు కణాల నిల్వను ఖాళీ చేశాయని తేల్చారు. మనుషుల్లో వారసత్వం పాలు చాలా పెద్దది.

పర్లాకిమిడి మాస్టారు

నెరిసిన తలను మన భాష ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. అనుభవజ్ఞుణ్ణి "తలపండినవాడు" అంటాం. కావ్యంలో దశరథుడికి చెవి పక్కన తెల్లవెంట్రుక కనిపిస్తుంది. రాముడికి రాజ్యం అప్పగించమని వార్ధక్యమే వచ్చి చెవిలో చెప్పినట్టు ఉంటుంది ఆ వర్ణన. వయసుకు తగ్గట్టు ఉండటంలో ఒక హుందాతనం ఉంది. తల్లిగారు నిశ్చింతగా అలాగే కూర్చోవాలి.

ఇచ్ఛాపురం ఆడపడుచు

మాస్టారూ, దశరథుడికి ఒక్క వెంట్రుక నెరిస్తే పదవీ విరమణ, పట్టాభిషేకం ముచ్చట్లు. ఆడదానికి ఒక్క వెంట్రుక నెరిస్తే అద్దం ముందు పట్టకారు. "తలపండినది" అనే మాట ఎవరి గురించైనా ఎప్పుడైనా విన్నారా? ఇంతకీ తమరి తలకు రంగు ఉందా, లేదా?

పర్లాకిమిడి మాస్టారు

తలకు లేదు.

మీసానికి ఉంది.

పార్లర్ అక్క, జయపురం

మాస్టారి నిజాయితీకి ఒక దండం. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి.

నా కుర్చీలో కూర్చునేవాళ్లలో సగం మంది రంగు కోసమే వస్తారు, నా ఇల్లు గడిచేది దానితోనే. కాబట్టి రంగు వేసుకునేవాళ్లను తక్కువ చేసే మాట నా నోట రాదు. అయితే బరంపురం అక్కకు రసాయన రంగు ఎవరైనా వేస్తామంటే అది వృత్తి కాదు, పాపం. ఆకు రంగు కూడా పెళ్లికి ముందు కొత్తగా మొదలుపెట్టవద్దు. నలుపు కావాలంటే ముందు గోరింట, ఆ తరువాత నీలి, రెండు విడతలు పెట్టాలి. మొదటి రోజు కాస్త పచ్చగానో నీలంగానో కనిపించి ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. పొడిలో ఏమి కలిపారో నాకే తెలియదు, మీకేమి తెలుస్తుంది? లోహ లవణాలు కలిసిన పొడి పాత రసాయన రంగు ఉన్న జుట్టు మీద పడితే ఏ ఛాయ వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇక తెల్లగా ఉంచుకోవడం. అసలు బాధ తెలుపు కాదక్కా, తెలుపూ పాత రంగూ కలిసే ఆ గీత. జుట్టు నెలకు సెంటీమీటరు, సెంటీమీటరుంపావు పెరుగుతుంది. నడుము దాకా ఉన్న జడ మొత్తం మారాలంటే ఏళ్లు పడుతుంది. ధైర్యం ఉంటే భుజాల దాకా కత్తిరించండి, సగం గీత అక్కడే పోతుంది. లేదంటే పాపిట నిటారుగా కాకుండా కాస్త వంకరగా తీయండి, గీత చెదిరిపోతుంది. మిగిలిన పాత రంగును ముడిలోపలికి మడిచేసి పూలు చుట్టండి. మల్లెలు వద్దు. తెల్లజుట్టులో తెల్లపూలు కలిసిపోయి ముడి మాసినట్టు ఉంటుంది. కనకాంబరాలు పెట్టుకుంటే ఆ జుట్టు వెండిలా లేచి కనిపిస్తుంది. చీర కూడా గంధం రంగు, వెన్న రంగు వద్దు, మొహం పాలిపోతుంది. మీ ఊరి పట్టులోనే ముదురు ఎరుపో ఆకుపచ్చో, కుంభం అంచుతో తీసుకోండి.

మీరు బోరు నీళ్లతో తలంటుకుంటారా? ఇనుము ఉన్న నీళ్లకు తెల్లజుట్టు పసుపు పట్టినట్టు అవుతుంది. చివరి చెంబులు మునిసిపాలిటీ నీళ్లు పోసుకోండి. ఎండ, పొగ, ఆవనూనె కూడా పసుపు తెస్తాయి. మన వైపు కూరల్లో వాడీ వాడీ తలకు కూడా అదే రాసే అలవాటు ఉంది, పెళ్లి అయ్యేదాకా ఆపండి. వారానికి ఒకసారి ఊదారంగు షాంపూ పెడితే ఆ పసుపు విరుగుతుంది. రోజూ పెడితే మాత్రం వంకాయ ఛాయ వస్తుంది, మా దగ్గర ఒకావిడకు అలాగే జరిగింది. వయసుతోపాటు మాడులో జిడ్డు తగ్గుతుంది కనుక వెంట్రుక ఎండుగడ్డిలా ఉంటుంది. వట్టి కుంకుడుకాయ ఇంకా ఎండబెడుతుంది. ముందురోజు రాత్రి కొబ్బరినూనె, కడిగాక కండిషనర్, తడిగా ఉండగా దువ్వెన పెట్టకపోవడం. ఇంతే.

ఇచ్ఛాపురం ఆడపడుచు

కత్తిరింపు, ఊదా షాంపూ, వేరే నీళ్లు, చీర రంగు లెక్క, పూల రంగు లెక్క. అక్కా, ఇదంతా అలంకారం కాదా? రంగు పొట్లంకంటే దీనికే ఎక్కువ శ్రమ, ఎక్కువ డబ్బు. దీన్నేనా సహజం అంటున్నారు?

పార్లర్ అక్క, జయపురం

అలంకారమే. నేను సహజం అని ఎక్కడా రాయలేదు, తెల్లగా అన్నాను.

భువనేశ్వర్ కోడలు

తెలుగింటి పిల్లను, ఒడియా ఇంటికి వచ్చి పన్నెండేళ్లు. ఒక చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పాత ఒడియా పద్ధతిలో వరుడి తల్లి పెళ్లికే రాదు. వాళ్లు ఆ ఆచారం పాటిస్తే కన్యాదానం వేళ మీ పక్కన నిలబడి పోల్చి చూపించే వియ్యపురాలే ఉండరు. ముందు కనుక్కోండి, మీ అక్కగారి దిగులు సగం తీరుతుంది.

బరంపురం అమ్మ

కనుక్కున్నాను. పెళ్లికి రారట, రిసెప్షన్‌కు ఉంటారట. అక్కకు చెబితే "అయితే రిసెప్షన్‌కు వేసుకో" అంది.

అమ్మాయిని కూడా అడిగాను. "నీ ఇష్టమమ్మా" అంది. పది నిమిషాలయ్యాక వంటింట్లోకి వచ్చి "పోనీ గోరింటాకు అయినా?" అంది. ఆ మాట అక్క ఫోన్లన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది, దాచుకోను. రాత్రి ఇద్దరం కూర్చుని నా ఉబ్బిన మొహం ఫొటోలు చూశాం. తరువాత తనే పార్లర్ అక్క రాసినదంతా చదివి కనకాంబరాలు ఆ నెలలో దొరుకుతాయా అని పూలవాడికి ఫోను చేసింది. మనస్ఫూర్తిగా ఒప్పుకుందా, నా కోసం సర్దుకుందా అన్నది నేను అడగలేదు.

భుజాల దాకా కత్తిరించుకున్నాను. మెడ తేలికగా ఉంది. ఆడపడుచు గారూ, శ్రమ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఈ శ్రమ పదిహేను రోజులకొకసారి భయపడుతూ చేసేది కాదు.

అక్క ఆదివారం బండిలో పలాస నుంచి వచ్చి రంగు పొట్లం బల్లమీద పెట్టి వెళ్లింది. మాకు పనికిరాదు. మాస్టారి మీసానికి కావాలంటే పర్లాకిమిడి పంపుతాను.

పర్లాకిమిడి మాస్టారు

అప్పుడే పంపవద్దమ్మా. తమ్ముడు చెప్పిన మాట విని పాత పొట్లంతోనే చెవి వెనక చుక్క పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. 31 గంటలు అయ్యాయి. కాస్త దురదగానే ఉంది.