మందిరంలో చీపురు ఎప్పుడూ మా నాన్న చేతిలోనేనా?

కందుకూరు కుర్రాడు
అందరికీ వందనాలు. మాది కందుకూరు దగ్గర పల్లె. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న చెప్పులు కుట్టేవాడు, ఇప్పుడు చూపు ఆనక ఆ పని తగ్గించాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా చర్చి మందిరం ఊడ్చేది, పట్టాలు పరిచేది, మొదటి గంట కొట్టేది ఆయనే. జీతం లేదు, ఎవరూ చెయ్యమనలేదు. పట్టా పరిచేటప్పుడు చూడాలి ఆయన్ని. ముడతలు కాలితో తోసెయ్యడు, వంగి చేత్తో సర్దుతాడు. ముసలమ్మలు తట్టుకుని పడతారట.

మొన్న క్రిస్మస్ ప్రేమవిందుకి ఊరెళ్ళాను. ఆఫీసరుగా రిటైరై వచ్చినాయన ఒకరు ఇప్పుడు సంఘపెద్ద. కుర్చీలో కూర్చునే మా నాన్నతో, "ఆ గంగాళాలు కూడా కడిగెయ్. ఏం చేసినా ప్రభువు కోసం మనస్ఫూర్తిగా చెయ్యాలి" అన్నాడు. పక్కనే యూత్ పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. నాన్న నవ్వుతూ పీచు తీసుకుని వెళ్ళాడు. నాకు ముద్ద దిగలేదు.

"ఇక మానెయ్ నాన్నా, నెలకింతని నేనిస్తా, మనిషిని పెట్టుకుంటారు" అన్నాను. "నీ డబ్బులు నువ్వు దాచుకో. ఇది కూలిపని కాదు" అన్నాడు. తనని తాను తగ్గించుకోవడం మంచిదే, కాదనను. తగ్గాల్సింది ఎప్పుడూ మా నాన్నేనా? మానిపించమంటారా?

గుంటూరు మాస్టారు
బాబూ, మీ సంఘపెద్ద వాడుకున్నది బైబిల్లో కొలొస్సయులకు 3:23. పౌలు ఆ మాట రాసింది దాసులకి. ఇంకో రెండు వచనాలు దాటి నాలుగో అధ్యాయం తెరిస్తే యజమానుల వంతు వస్తుంది. పరలోకంలో మీకూ ఒక యజమానుడున్నాడు, మీ కింద ఉన్నవాళ్ళ పట్ల న్యాయంగా ఉండండి అని. అక్కడిదాకా చదివే ఓపిక మనవాళ్ళకి ఉండదు. యోహాను సువార్త 13 కూడా చూడు. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని ఎరిగే యేసు పంక్తిలోంచి లేచి తువాలు కట్టుకున్నాడు. ఆ గదిలో శిష్యుల పాదాలు కడిగింది అందరికంటే పెద్దవాడు.

మీ ఒంగోలు చరిత్రే తీసుకో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో అక్కడికి వచ్చిన కొత్తలో, మాల మాదిగలను చేర్చుకోకపోతే మేమొస్తామన్నారు పై కులాలవాళ్ళు. ఆయనా, ఆయన భార్యా ఎవరి గదిలో వాళ్ళు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట. 1 కొరింథీయులకు 1:26, మీలో ఘనులు అనేకులు పిలవబడలేదన్న మాట. తోళ్ళ వ్యాపారం చేసిన యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు ఊరూరా తిరిగి చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ సంఘపెద్దగారి తాతలు ఎవరి మాట విని వచ్చారో ఒకసారి అడుగు. కోపంగా కాదు, మామూలుగానే అడుగు.

కువైట్ అక్క
తమ్ముడూ, నేనిక్కడ ఇంటిపని చేస్తాను. శుక్రవారం సెలవు దొరికితే ఆరాధనకి వెళ్తాను. గిన్నెలు ఇంట్లోనూ కడుగుతాను, ఆరాధన అయ్యాక టీ గ్లాసులూ కడుగుతాను. దేవుని పని కాబట్టి నొప్పి తెలియదంటే అబద్ధం, చేతులు అవే కదా. కాకపోతే అక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తారు, "అక్కా, నువ్వు తిన్నావా" అని అడుగుతారు. మా గుంపులో ఒక ఇంజనీరుగారు ఉన్నారు. నేను కడుగుతుంటే తుడిచి బోర్లించేది ఆయనే. దాన్నెవరూ ఫొటో తియ్యరు. మీ నాన్న చేతిలో పని లాక్కోవద్దు, ఆయన సంతోషం పోతుంది. ఊరెళ్ళినప్పుడు పట్టా రెండో కొస నువ్వు పట్టుకో.

ఖమ్మం బ్రదర్
అక్క మాట సగమే ఒప్పుకుంటా. కొడుకు రెండో కొస పట్టుకుంటే చీపురు మళ్ళీ ఆ ఇంట్లోనే ఉంటుంది కదా! మా దగ్గర వంతులు పెట్టాం. వారానికి నాలుగు కుటుంబాలు, పేర్లు నోటీసు బోర్డు మీద ఉంటాయి. కానుక ఎక్కువేశారని ఎవరికీ మినహాయింపు లేదు. మొదట్లో ఒక డాక్టరుగారు తన వంతుకి పనమ్మాయిని పంపారు. మా పాస్టరు అయ్యగారు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి టీ ఇచ్చి, డాక్టరుగారికి ఫోన్ చేశారు. పది నిమిషాల్లో వచ్చారు. ఇప్పుడు బాత్రూములు కడిగేది కూడా ఆయనే, ఎవరినీ ముట్టుకోనివ్వరు.

కందుకూరు కుర్రాడు
అందరికీ థ్యాంక్స్. నాన్నకి ఫోన్లో అన్నీ చదివి వినిపించాను. పేరయ్యగారి సంగతి ఆయనకి ముందే తెలుసట, నాకే ఎప్పుడూ చెప్పలేదు. వంతుల విషయం అయ్యగారితో మాట్లాడితే వచ్చే సంఘ మీటింగులో పెడతామన్నారు. నాన్న కాదనలేదు, పట్టాలు మాత్రం ఎవరికీ ఇవ్వనన్నాడు. సంఘపెద్దగారికి ఏ పని ఇద్దామంటే కాసేపు ఆలోచించి, "ఆయనకి నడుం నొప్పి, గంగాళాలు ఎత్తలేడు. గంట ఇవ్వండి. కాకపోతే తెల్లవారి అయిదింటికి రావాలని ముందే చెప్పండి" అన్నాడు.