సమస్య: ‘తప్పు పట్టనివాఁడె తాఁ దప్పు చేసె’

నిర్వాహకుడు: మిత్రులారా, ఈసారి ఇచ్చిన సమస్య తేటగీతి పాదం; దాన్ని చివరి పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా పద్యం పూర్తి చేయడమే పూరణ. తప్పు పట్టకపోవడం మంచితనమని అందరం అనుకుంటాం కనుక, పట్టనివాడే తప్పు చేశాడనడం పైకి అసంగతంగా తోస్తుంది. చిక్కంతా ‘పట్టు’ అనే క్రియలో ఉంది. పెళ్లివారిని సాగనంపుతూ ‘మర్యాదల్లో లోటుంటే తప్పు పట్టకండి’ అంటే, మనసులో పెట్టుకోవద్దని వేడుకోవడం; గుమాస్తా చిట్టాలో కూడికల తప్పు పట్టాడంటే, దాగినదాన్ని దొరకబుచ్చుకోవడం. మొదటి దానిలో నింద ఉంది, రెండవ దానిలో లేదు.

మొదటి పూరణ:
సుతుఁడు సేయు నధర్మముఁ జూచియుండి
విదురుఁ డెంతగాఁ జెప్పిన వినని తండ్రి
కురుకులంబు నశింపఁగఁ గోరినట్లు
తప్పు పట్టనివాఁడె తాఁ దప్పు చేసె.

ఒక సభ్యురాలు: ధృతరాష్ట్రుణ్ణి తీసుకోవడం ఎంతో బాగుంది, మాస్టారూ. కానీ పుట్టుగుడ్డికి ‘చూచియుండి’ అనడం పొసగదు. ‘సుతుఁడు సేయు నధర్మము చొప్పెఱింగి’ అంటే గణాలూ, సు–చొ యతీ (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని అక్షరానికీ ఉండవలసిన మైత్రి) నిలుస్తాయి, అర్థమూ బలపడుతుంది.

పూరణకర్త: నిజమేనమ్మా, సవరణ స్వీకరించాను.

రెండవ పూరణ:
ప్రూఫు దిద్దెడి కన్నులఁ బొరలు గ్రమ్మఁ
జూడకయె పంపె నచ్చుకుఁ జోద్యముగను
వేయి ప్రతులందు నొకతప్పు వేయి గాఁగ
తప్పు పట్టనివాఁడె తాఁ దప్పు చేసె.

నిర్వాహకుడు: సమస్యలోని కీలకాన్ని పట్టుకున్న పూరణ ఇది. ఇక్కడ ‘పట్టు’కు నిందించడమనే అర్థమే లేదు; అక్షరదోషాన్ని కనిపెట్టడమే ఆ మనిషి పని, ఆ పని మానడమే అతని తప్పు. ‘ప్రూఫు’ తెలుగు నాలుకకు అలవడిన మాటే కనుక పద్యంలో వాడినందుకు నాకు అభ్యంతరం లేదు. ‘చోద్యముగను’ మాత్రం పాదం నింపడానికి వచ్చిన మాట. అంతకంటె పెద్ద చిక్కు మూడవ పాదం చివర ఉంది: ‘కాఁగన్’ ద్రుతాంతం, అంటే ‘న్’తో ముగిసే మాట కనుక దాని తర్వాత ‘తప్పు’ ‘దప్పు’ కావాలి, అప్పుడు ఇచ్చిన సమస్యలో మొదటి అక్షరమే మారిపోతుంది. ‘వేయి ప్రతులందు వెలువడి వేయి యైన’ అని మార్చి చూడండి. ‘వేయి యైన తప్పు’ అని విశేషణంగా సమస్యను అతుక్కోవడంతో సంధి చిక్కు తీరుతుంది. పైగా పట్టవలసిన తప్పు ఏదో పద్యమే చెబుతుంది. నేను కొంతకాలం ప్రూఫులు దిద్దాను. శీర్షికలో ఒత్తు జారిపోయి, మర్నాడు అచ్చైన ప్రతిలో కళ్లబడినప్పుడు కలిగే బాధ నాకు తెలుసు.

మూడవ పూరణ:
వంటకంబుల వంకలు పలుకకుండఁ
బెండ్లి యింటను మెచ్చిన పెద్దమనిషి
కట్నమునఁ గొఱఁత యనుచుఁ గదలినాఁడు
తప్పు పట్టనివాఁడె తాఁ దప్పు చేసె.

మరొక సభ్యుడు: భావం సూటిగా తగిలిందండీ, 1961 నుంచి చట్టమే నిషేధించిన కట్నాన్ని హక్కులా అడిగేవాడికి ఈ పాదం తగినదే. అయితే ‘వంకలు పలుకు’ అని తెలుగులో ఎవరంటారు? వంకలు పెడతాం, లేదా వంకలు వెదుకుతాం. వం–ప యతి కోసం జాతీయాన్ని విరిచారు.

పూరణకర్త: ‘పెట్టకుండ’ అని రాయబోతే యతి కుదరలేదండీ. ‘ఎన్నకుండ’ అంటే సరిపోతుందా?

నిర్వాహకుడు: ‘ఎన్ను’ అంటే లెక్కపెట్టు. ‘తప్పులెన్నువారు తండోపతండంబు’ అన్న వేమన ఆటవెలదిలో ఒక్కొక్కటిగా లెక్కించే ఆ గుణమే వినిపిస్తుంది. వంకకు ఆ క్రియ అతకదు. వంకంటే వంపు, తిన్నగా ఉన్నదానికి కూడా వంపు అంటగట్టడమే ‘వంక పెట్టడం’. అందుకే అది తప్పు పట్టడం కన్నా అన్యాయమైనది. తప్పు పట్టేవాడికి తప్పు అక్కడ ఉండాలి. వంక పెట్టేవాడికి అదీ అక్కరలేదు, ఆడలేక మద్దెల ఓడన్నట్లు. ‘ఆక్షేపించు’ అంటే సభలో కారణం చూపి అడ్డు చెప్పడం, ‘దెప్పు’ అంటే పాత సంగతి ఎత్తి పొడవడం. విందు దగ్గర ఆ రెండింటికీ చోటు లేదు. కాబట్టి జాతీయాన్ని ఉంచి, పాదం మొదలే మార్చండి. ఇ–ఎలకు యతి చెల్లుతుంది కదా.

పూరణకర్త: ఇప్పుడు చూడండి:
పిండివంటకు వంకలు పెట్టకుండఁ
బెండ్లి యింటను మెచ్చిన పెద్దమనిషి
కట్నమునఁ గొఱఁత యనుచుఁ గదలినాఁడు
తప్పు పట్టనివాఁడె తాఁ దప్పు చేసె.