సరుగుడు తోటలో దొరికిన ఈ సన్న గడ్డి లుజులాయేనా? తొడుగు దగ్గర తెల్ల వెంట్రుకలున్నాయి

ఇసకపర్ర:
కళింగపట్నం దగ్గర సరుగుడు తోటల్లో, వట్టి ఇసకలో, కుదుళ్లు కుదుళ్లుగా పెరిగిన మొక్క ఇది. ఎత్తు జానెడు లోపే. ఆకు దారంలా ఉంది. ఆకు తొడుగు మూతి దగ్గర పొడవాటి తెల్ల వెంట్రుకలు, కాడ చివర గోధుమరంగు బుర్ర ఒక్కటే. ఫోటో పెడితే ఫోన్ యాప్ లుజులా కంపెస్ట్రిస్, జంకేసి కుటుంబం అని చెప్పింది. వెంట్రుకలు లుజులాకి ముఖ్యమైన గుర్తని చదివాను కాబట్టి సరిపోయినట్టే ఉంది. డిగ్రీ హెర్బేరియం (నొక్కి ఆరబెట్టిన మొక్కల) రికార్డులో ఆ పేరు రాసేయొచ్చా? మా సిలబస్‌లోని బెంథామ్–హుకర్ మొక్కల వర్గీకరణలో దీన్ని ఎక్కడ పెట్టాలి? వర్ణన ఎలా రాయాలో కూడా చెప్పండి మాస్టారూ.

తుంగదుబ్బు:
అప్పుడే రాయకండి. యాప్ చూసింది మొక్క వాలకం మాత్రమే. ఈ గుంపుల్లో వాలకాన్ని నమ్మితే పప్పులో కాలేసినట్టే.

ముందు వెంట్రుకల సంగతి. లుజులాలో అవి తొడుగు మూతి దగ్గర ఆగవు, ఆకు అంచు వెంబడి పలచగా, పొడవుగా సాగుతాయి. ఆ ఆకు కూడా దారంలా ఉండదు, గడ్డి ఆకులా బల్లపరుపుగా ఉంటుంది. కంపెస్ట్రిస్‌లో కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు, సిల్వాటికాలో ఒక సెంటీమీటరు దాటుతుంది. మీరు చెప్పిన ఆకుకి అసలు వెడల్పే లేదు.

తేల్చాల్సింది పువ్వు, కాయ. నగలు చూసే పదింతల భూతద్దం, రెండు సూదులు, తెల్ల కాగితం ఉంటే చాలు. ముదిరిన బుర్రను కాగితం మీద వేలితో నలపండి. రాలినవాటిలో మూడు ముక్కలుగా పగిలే కాయ, అందులో మూడు విత్తనాలు కనిపిస్తే లుజులా. ఒక్కో పొలుసు చంకలో పగలని గింజ ఒక్కటే ఉంటే తుంగ కుటుంబం, సైపరేసి. మొక్క ఎండిపోయి ఉంటే ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్లలో బుర్రను అయిదు నిమిషాలు వేసి ఉంచండి. మెత్తబడ్డాక విప్పండి. పొడిగా విప్పితే అన్నీ చిట్లిపోతాయి, ఏది దేనికి అంటుకుని ఉందో తెలియదు.

నాగావళి_గట్టు:
ఇంత అనుమానం దేనికండీ? తొడుగు మూసి ఉండే గుణం లుజులాదే, అదే కుటుంబంలోని జంకస్‌కి విడిపోయి ఉంటుంది. కీలాగ్రాలు (పుప్పొడి అంటుకునే కొనలు) మూడుంటే అదీ సరిపోతుంది. తుంగకైతే కాడ మూడు పలకలుగా ఉండాలి కదా. ఇసకపర్ర గారూ, మీ మొక్క కాడ గుండ్రమా, పలకలా?

తుంగదుబ్బు:
నాగావళి గారూ, మీరన్న లక్షణాలు నిజమే. కానీ ఈ రెండింటినీ విడదీయడానికి అవి పనికిరావు. మూసిన తొడుగు తుంగల్లోనూ ఉంటుంది. మూడు వరసల్లో వచ్చే ఆకులు, మూడు కీలాగ్రాలు కూడా రెండు వైపులా ఉన్నవే. మూసిన తొడుగుతో లుజులాని జంకస్ నుంచి వేరు చేయొచ్చు గానీ సైపరేసి నుంచి చేయలేం. మూడు పలకల కాడ అనేది బడిలో నేర్పే సూత్రం. ఎలియోకారిస్ డల్సిస్‌ని చూడండి, పక్కా తుంగే గానీ కాడ గుండ్రం.

అసలు తేడా పరిపత్రంలో, అంటే పువ్వు రేకుల చుట్టులో ఉంది. లుజులా పువ్వుకు రెండు చుట్లలో ఆరు రేకులు, మామూలుగా ఆరు కేసరాలు ఉంటాయి. పువ్వు కిందనే రెండు చిన్న పుచ్ఛాలు (ఆకులాంటి పొరలు). అండాశయంలో గది ఒకటే, అందులో అండాలు మూడే. జంకస్‌లో అండాలు బోలెడు. తుంగ పువ్వుకు రేకులుండవు, కొన్ని ప్రజాతుల్లో ముళ్లలాంటి నూగు మాత్రం మిగులుతుంది.

లుజులా జాతులను విడదీసేవాళ్లు ముందు విత్తనాన్నే చూస్తారు. చీమల కోసం దానికి తెల్లటి కండ ముక్క ఒకటి అంటుకుని ఉంటుంది. పైలోసాలో అది విత్తనం కొనన వంకరగా తిరిగి, పెద్దగా ఉంటుంది. పువ్వులు కూడా కొమ్మల చివర ఒక్కొక్కటిగా వస్తాయి. కంపెస్ట్రిస్ గుంపులో కండ విత్తనం అడుగున ఉంటుంది, పువ్వులు గుత్తులు కడతాయి. ఆ గుంపులో మళ్లీ తగువు కంపెస్ట్రిస్‌కీ మల్టీఫ్లోరాకీ. కంపెస్ట్రిస్ పాకే తీగలతో పలచగా పరుచుకుంటుంది, పరాగకోశం కేసరదండం కంటే చాలా పొడవు. మల్టీఫ్లోరా దుబ్బు కడుతుంది, ఆ రెండూ దాదాపు సమానం. వాడిన నమూనాలో కోశాలు రాలిపోతాయి, వేళ్లు తీయకుండా కోస్తే తీగ ఉందో లేదో తెలియదు. ఈ రెండూ పోయిన షీటుకు (మొక్కను అంటించిన కాగితానికి) పేరు పెట్టడమంటే సోది చెప్పడమే.

పైగా లుజులాలు చలి ప్రాంతాలవి, ఎత్తైన కొండలవి. మన దేశంలో వాటిని హిమాలయాల్లాంటి ఎత్తైన కొండల్లో వెతకాలి గానీ ఉప్పుగాలి కొట్టే కళింగపట్నం ఇసకలో కాదు. అయినా ‘ఇక్కడ పెరగదు కాబట్టి కాదు’ అన్నది రికార్డుకు సరిపోదు. కాయ చూసే చెప్పాలి.

ఇసకపర్ర:
నానబెట్టి విప్పాను. రేకులు లేవు. ఒక్కో పొలుసు కింద ఒక్కటే గింజ, మూడు పలకలుగా ఉంది, నెత్తిన చిన్న బుడిపె. కేసరం ఒకటే కనిపించింది. పొలుసు కొన బయటికి వంగిన ముల్లులా ఉంది. కాడ సన్నం, గీతలు గీతలుగా ఉంది.

తుంగదుబ్బు:
ఇంకేం, తేలిపోయింది. బల్బోస్టైలిస్ బార్బేటా, సైపరేసి. ఆ బుడిపె కీలం (కీలాగ్రాలను మోసే కాడ) అడుగుభాగం, గింజ మీదే మిగిలిపోతుంది. దీన్ని పోలిన మరో తుంగ ప్రజాతి ఫింబ్రిస్టైలిస్‌లోనైతే కీలం అడుగుతో సహా రాలి గింజ నెత్తి బోడిగా ఉంటుంది. అందుకే లేత గింజ చూసి తేల్చకూడదు, అప్పటికి రెండింటిలోనూ కీలం ఉంటుంది. ఇదే ప్రజాతిలో డెన్సాతో కూడా పొరబడతారు. అందులో చిరుకంకులు ఒకే బుర్రగా ముద్దకట్టవు, చిన్న కాడల మీద విడివిడిగా విచ్చుకుంటాయి, పొలుసు కొన అలా బయటికి వంగదు.

ఈ మొక్కకు రాట్‌బోల్ 1773లో స్కిర్పస్ బార్బేటస్ అని పేరు పెట్టాడు. సి.బి. క్లార్క్ 1893లో బల్బోస్టైలిస్‌లోకి మార్చాడు. అందుకే పేరు చివర రాట్‌బోల్ కుండలీకరణాల్లో, క్లార్క్ బయట వస్తారు. కుండలీకరణాలు వదిలేస్తే మార్కు పోతుంది.

బెంథామ్–హుకర్‌లో ఏకదళబీజాలు, గ్లూమేసి శ్రేణి, సైపరేసి అని రాయండి. నిజంగా లుజులా అయ్యుంటే కాలిసినే శ్రేణిలో, తాటి కుటుంబం పక్కన, జంకేసి వచ్చేది. వాళ్లు ఇలా దూరంగా పెట్టిన ఈ రెండు కుటుంబాలు ఇప్పటి ఏపీజీ (డీఎన్‌ఏ ఆధారిత వర్గీకరణ) పద్ధతిలో పోయేల్స్ క్రమంలో పక్కపక్కనే ఉన్నాయి. యాప్ పొరపాటు మరీ వింతేం కాదులెండి.

వర్ణన కింది నుంచి పైకి, ఇలా: ఏకవార్షికం, దుబ్బు కట్టేది, వేళ్లు పీచులు, భూగర్భకాండం లేదు. కాడలు దారంలా సన్నం, గీతలున్నవి, సుమారు 5–25 సెం.మీ. ఆకులు కాడ కంటే పొట్టి, అర మిల్లీమీటరు లోపు వెడల్పు. తొడుగు మూతికి పొడవాటి తెల్ల వెంట్రుకలు. చిరుకంకులు కాడ చివర ఒకే బుర్రగా, దాని కింద దారంలాంటి పుచ్ఛాలు, వాటిలో ఒకటి బుర్రను దాటుతుంది. పొలుసులు పడవలా, కొన బయటికి వంగినవి. కేసరం 1, కీలాగ్రాలు 3. గింజ మూడు పలకలు, మిల్లీమీటరు లోపు, నెత్తిన బుడిపె. ఈ కొలతలను ఉన్నవున్నట్టు దించకండి. పది మొక్కలు కొలిచి మీ కనిష్ఠం, గరిష్ఠం రాయండి.

నాగావళి_గట్టు:
ఒప్పుకున్నానండి, పరిపత్రం చూడకుండా మాట్లాడాను. నొక్కడం గురించి ఒక మాట. ఈ మొక్కను వేళ్లతో సహా పీకి, ఇసక కడిగి, నీళ్లు వాడ్చాకే కాగితాల్లో పెట్టండి. ఇసక రేణువులు ఉండిపోతే షీటు మీద మొక్క చిరుగుతుంది. వానాకాలంలో మన దగ్గర తేమ ఎక్కువ కాబట్టి మొదటి మూడు రోజులు రోజుకు రెండుసార్లు కాగితం మార్చాలి, లేకపోతే బుర్రల్లోనే ముందు బూజు పడుతుంది. మొక్క చిన్నది కాబట్టి ఒక షీటుకు ఆరేడు మొక్కలు, లేతవీ ముదురువీ కలిపి పెట్టండి. రాలిన గింజలు పారేయకుండా చిన్న కాగితం పొట్లంలో వేసి షీటు మూలన అంటించండి. మళ్లీ ఎవరైనా సరిచూడాలంటే మొదట విప్పేది ఆ పొట్లమే. లేబుల్ మీద యాప్ చెప్పిన లుజులా పేరు పెన్సిల్‌తో రాసుంటే చెరిపేయండి.